విత్తనానికి వద్దన్న పాదరసం పిల్లల పంటికి ఎందుకు?



ఈసారి రాసేది ఎరువుల రేటు గురించీ కాదు, వేరుశనగ ధర గురించీ కాదు. పళ్ళ గురించి. నవ్వకండి. వేటపాలెం జీడిపప్పు అంటే ఎంత దూరం వాళ్ళకైనా తెలుసు. ఆ జీడిపప్పు ఊళ్ళో పుట్టి, దాన్ని కొరకలేని నోళ్ళు ఎన్ని ఉన్నాయో మీ వీధిలోనే ఒకసారి లెక్కపెట్టి చూడండి. పోస్టు పెద్దదే. ఓపికగా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న పొద్దున టీ కొట్టు దగ్గర వరసకు నాకు బావ అయ్యే ఒకాయన కలిశాడు. తొమ్మిదేళ్ళ మనవణ్ణి పళ్ళ డాక్టరుకు చూపించి వచ్చాడంట. దవడ పన్ను పుచ్చింది. "తెల్ల సిమెంటు అయితే 900, వెండి సిమెంటు అయితే 400 అన్నారు బావా. మనమేమన్నా సినిమావాళ్ళమా, దవడ పన్ను ఎవడు చూస్తాడు? వెండిదే పెట్టించేశా" అన్నాడు. అక్కడున్న నలుగురూ తల ఊపారు. ఒకాయన అయితే "వెండిదే గట్టి, తెల్లది సోకులకి" అని తీర్పు కూడా ఇచ్చేశాడు.

నేను ఆ రోజు నోరు మూసుకుని వచ్చేశాను. నలుగురిలో బావను చిన్నబుచ్చటం ఎందుకులే అనుకున్నా. ఇంటికొచ్చాక మనసాగలేదు. ఆయన ఒక్కడి తప్పు కాదు ఇది. మనందరం అట్లాగే అనుకుంటున్నాం. తెల్లది సోకు, నల్లది మన లాంటోళ్ళకు సరిపడేది. ఈ మాట తప్పు అని చెప్పటానికే ఇంత రాస్తున్నా.

నేను డాక్టర్ని కాదు. ఇంటర్ దాకా చదివి మూడెకరాలు చేసుకునేవాణ్ణి. కానీ పోయిన సంవత్సరం మా పెద్దమ్మాయి పురిటికి వచ్చినప్పుడు పన్ను సలుపుతుంటే తీసుకెళ్ళాను. ఆరో నెల. అక్కడ డాక్టరమ్మ చిన్న వయసు పిల్లే. నేను అలవాటుగా "వెండిది పెట్టమ్మా, చౌకలో అయిపోద్ది" అన్నా. ఆమె "బాబాయ్ గారూ, కడుపుతో ఉన్న అమ్మాయికి నేను అది పెట్టను" అంది. ఎందుకు అని అడిగా. పాపం అరగంట కూర్చోబెట్టి చెప్పింది. అప్పటినుంచీ కనపడ్డ ప్రతివాణ్ణీ అడుగుతూ, దొరికింది చదువుతూ ఉన్నా. ఆ తెలుసుకున్నదే ఇక్కడ పెడుతున్నా.

ముందు పేరు సంగతి. వెండి సిమెంటు అంటాం, వెండి అనగానే మనకు విలువైనదే అనిపిస్తుంది. అందులో బరువులో దాదాపు సగం పాదరసం. మిగిలిన సగంలో వెండి, తగరం, రాగి. ఆ పొడిని పాదరసంతో కలిపితే ముద్ద అవుతుంది, పన్నులో కూరితే కాసేపటికి గట్టిపడుతుంది. డాక్టర్లు దీన్ని అమాల్గం అంటారు. వెండి అని పిలిచే బదులు పాదరసం సిమెంటు అని పిలిచి ఉంటే మన బావ ఆ రోజు ఒక్క నిమిషం ఆగి ఆలోచించేవాడు.

పాదరసం మన రైతులకు కొత్త కాదు. యాభై దాటినవాళ్ళు గుర్తు తెచ్చుకోండి. మన నాన్నల కాలంలో వేరుశనగ విత్తనానికి పట్టించే పొడి మందులు ఉండేవి. అగ్రోసాన్, సెరెసాన్ అని పేర్లు. అవి పాదరసం మందులే. మా నాన్న ఆ పొడి కలిపిన రోజు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మిగిలిన విత్తనం కోడికి కూడా వేయనిచ్చేవాడు కాదు. చేతులు మట్టితో తోముకుని, మళ్ళీ సబ్బుతో కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. ఆయనకు రసాయన శాస్త్రం తెలియదు, భయం మాత్రం తెలుసు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 1971-72లో ఇరాక్ దేశంలో పాదరసం మందు పట్టించిన గోధుమ విత్తనాన్ని రైతులు ఆకలికి పిండి పట్టించి రొట్టెలు చేసుకుని తిన్నారు. వందల మంది చచ్చిపోయారు, వేల మంది ఆసుపత్రి పాలయ్యారు. తర్వాత తర్వాత ఒక్కొక్క దేశం ఆ మందుల్ని ఆపేసింది. మన దగ్గర చివరిదాకా మిగిలిన పాదరసం విత్తన మందు మిథాక్సీ ఇథైల్ మెర్క్యురీ క్లోరైడ్. 2018 ఆగస్టులో కేంద్రం ఒకేసారి చాలా పురుగుమందులను నిషేధించింది చూడండి, ఆ పట్టికలో ఇదీ ఉంది.

అంటే మన దేశంలో పాదరసం విత్తనానికి పనికిరాదని తేల్చేశారు. జ్వరం చూసే పాదరసం గొట్టం పోయి నంబర్లు కనపడేది వచ్చింది. కానీ పిల్లోడి నోట్లో పెట్టటానికి మాత్రం మనకు అభ్యంతరం లేదు. ఎందుకంటే దాని పేరు వెండి, దాని రేటు తక్కువ.

ఇక్కడ ఒక మాట. మిమ్మల్ని భయపెట్టి లైకులు సంపాదించుకోవటం నాకు ఇష్టం లేదు. కాబట్టి రెండో వైపు కూడా చెప్తా.

విత్తనం మందులో పాదరసం వేరు, పంటి సిమెంటులో గట్టిపడిన పాదరసం వేరు. సిమెంటులో అది మిగతా లోహాలతో కట్టుబడి ఉంటుంది. నమిలేటప్పుడు, పళ్ళు కొరికేటప్పుడు కొద్దికొద్దిగా ఆవిరి వస్తుంది, అది చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు దానివల్ల జబ్బులు వచ్చాయని రుజువు కాలేదు. నా కింది దవడలో 1996లో పెట్టించుకున్న వెండి సిమెంటు ఉంది. దాంతోనే ఇన్నేళ్ళు చెరుకు నమిలా, మరమరాలు నమిలా, మా ఊరి జీడిపప్పూ నమిలా. చెక్కు చెదరలేదు. దాన్ని పెట్టినాయనకు నేను ఈరోజుకీ దండం పెడతా. ఆ రోజుల్లో అది లేకపోతే నా పన్ను పీకేసేవాళ్ళే.

ఇంకో సంగతి. ఈ మధ్య ఒక ఆసుపత్రికి (పేరు వద్దు) పళ్ళు శుభ్రం చేయించుకుందామని వెళ్ళా. అక్కడ నోరు చూసి "అంకుల్, మీ నోట్లో పాదరసం ఉంది, చాలా ప్రమాదం, మొత్తం తీసేసి తెల్లవి పెడదాం, పక్క పళ్ళకు క్యాపులు వేద్దాం" అని లెక్క కట్టి 14,000 చెప్పారు. నేను లేచి వచ్చేశా. ఎందుకంటే అప్పటికే డాక్టరమ్మ చెప్పి ఉంది: బాగున్న వెండి సిమెంటును జోలికి పోయి తీయించుకోవద్దు అని. డ్రిల్లుతో తవ్వేటప్పుడే ఆవిరి ఎక్కువ లేస్తుంది, దాంతోపాటు మంచి పన్నూ కొంత పోతుంది. అమెరికాలో మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ కూడా 2020 సెప్టెంబరులో ఇదే చెప్పింది, బాగున్నవాటిని తీయొద్దని.

కాబట్టి ఇక్కడ ఇద్దరితో నా పోట్లాట. "తెల్లది సోకు, నల్లది చాలు" అనే మనవాళ్ళతో ఒకటి. "పాదరసం బాబోయ్" అని భయపెట్టి ఉన్నవన్నీ పీకి బిల్లు వేసేవాళ్ళతో ఇంకొకటి. ఇద్దరూ మన తెలివితక్కువ మీదే బతుకుతున్నారు.

మరి పెద్దవాళ్ళకు రుజువైన హాని లేకపోతే పిల్లలకు ఎందుకు వద్దంటున్నావు అని అడుగుతారు. మూడు కారణాలు.

మొదటిది, కడుపులో బిడ్డ. పాదరసం ఆవిరి తల్లి రక్తంలో నుంచి మాయను దాటి బిడ్డకు వెళ్తుంది. ఎదిగే మెదడు, ఎదిగే నరాలు. పెరిగిన చెట్టు తట్టుకున్నది మొలక తట్టుకుంటుందా? మందు కొట్టేటప్పుడు మొలక మీద డోసు తగ్గించేది మనమే కదా. అందుకే ఆ ఎఫ్‌డీఏ గర్భిణులకు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు, ముఖ్యంగా ఆరేళ్ళ లోపు వాళ్ళకు, నరాల జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు వీలైనంతవరకు ఇది పెట్టొద్దంది. రుజువు వచ్చేదాకా ఆగుదాం అనటం పెద్దవాళ్ళ విషయంలో చెల్లుతుంది. బిడ్డ విషయంలో వేరే దారి ఉన్నప్పుడు ఆ పందెం ఎందుకు?

రెండోది, నీళ్ళు. పన్ను తవ్వినప్పుడు, కొత్తది కూరి మిగిలింది తీసేసినప్పుడు ఆ ముక్కలు ఎక్కడికి పోతాయి? ఉమ్మే తొట్లోకి. అక్కడ్నుంచి మురిక్కాలవలోకి. మనది సముద్రం పక్క ఊరు. మన కాలవలూ డ్రైన్లూ ఏవైనా చివరికి చేరేది సముద్రానికే. నీళ్ళ అడుగున బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని ఇంకా విషమైన రూపంలోకి మారుస్తాయి. అది చిన్న చేపలోకి, చిన్న చేపను తిన్న పెద్ద చేపలోకి, ఆ చేపను తిన్న మనిషిలోకి ఎక్కుతూ పోతుంది. మన చేపల్లో ఉందని నేను అనటంలేదు. జపాన్‌లో మినమాటా అనే ఊళ్ళో జరిగింది చెప్తున్నా. అక్కడ ఒక ఫ్యాక్టరీ పాదరసం వ్యర్థాన్ని ఏళ్ళ తరబడి సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న పిల్లులు పిచ్చెక్కినట్టు గిరగిరా తిరిగి చచ్చాయి. తర్వాత మనుషుల వంతు. చేతులు వణుకుడు, చూపు పోవటం, మాట పోవటం, పుట్టిన పిల్లలకు అవకరాలు. ఆ జబ్బును 1956లో గుర్తించారు. దెబ్బ తిన్నది మన ఓడరేవు, రామాపురం లాంటి చోట్ల ఉండే చేపలు పట్టుకుని బతికే కుటుంబాలే.

ఐరోపా దేశాల్లో 2019 నుంచి పళ్ళ ఆసుపత్రి తొట్టి కింద పాదరసం ముక్కల్ని పట్టే జల్లెడ లాంటి పరికరం తప్పనిసరి చేశారు. మనం వెళ్ళే చోట ఉందా అని మనం ఎప్పుడూ అడగలేదు. ఇంకొకటి కూడా ఉంది, చెప్పటానికి బాధగా ఉన్నా చెప్తున్నా. నోట్లో ఆ సిమెంటుతో పోయినవాణ్ణి దహనం చేస్తే ఆ పాదరసం పొగలో కలిసి గాల్లోకి పోతుంది. నాది కూడా పోతుంది ఒకరోజు.

మూడోది, మంచి పన్ను పోవటం. ఇది రైతుకు బాగా అర్థమవుతుంది. వెండి సిమెంటు పన్నుకు అంటుకోదు. ఇరుక్కుని ఉంటుంది. అది ఊడి రాకుండా ఉండాలంటే మూతి ఇరుకు, అడుగు వెడల్పుగా గూడు తవ్వాలి. అంటే పుచ్చు చిన్నదైనా మంచి పన్ను కూడా కొంత తవ్వక తప్పదు. తెల్లది అట్లా కాదు, జామకు అంటు కట్టినట్టు పన్నుకే పట్టుకుంటుంది. పుచ్చు ఎంత ఉంటే అంత తీస్తే చాలు. తొమ్మిదేళ్ళ పిల్లోడు ఇంకో అరవై ఏళ్ళు ఆ పన్నుతో నమలాలి. ఈరోజు మిగిలిన పన్నే రేపటి పెట్టుబడి.

ఇక ప్రపంచం ఏం చేస్తుందో చూడండి. మినమాటా పేరు మీదే పాదరసం మీద ఒక ఒప్పందం రాసుకున్నారు. 2013లో జపాన్‌లో ఆ ఊరు ఉన్న కుమమోటో ప్రాంతంలోనే సంతకాలు మొదలయ్యాయి. మన దేశం 2014లో సంతకం పెట్టి, 2018 జూన్‌లో ఆమోదించింది. పంటి పాదరసాన్ని తగ్గించుకుంటూ రావాలన్నది ఆ ఒప్పందంలో మొదట్నుంచీ ఉంది. 2022లో దానికి ఇంకో మాట చేర్చారు: పాలపళ్ళకు, 15 ఏళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది పెట్టకుండా చూడాలి, డాక్టరు తప్పదనుకుంటే తప్ప. స్వీడన్, నార్వే ఎప్పుడో వదిలేశాయి. ఐరోపా యూనియన్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి ఎవరికీ పెట్టటంలేదు, ఏదో తప్పనిసరి అవసరం ఉంటే తప్ప. 2025 నవంబరులో జెనీవాలో దేశాలన్నీ కూర్చుని 2034 కల్లా దీన్ని మొత్తం ఆపేద్దామని ఒప్పుకున్నాయి.

నా భయం ఇక్కడే. 2034 అంటే ఇంకా చాలా టైముంది. ఈలోపు పట్నం వాళ్ళు తెల్లదే అడుగుతారు. ఊరివాళ్ళు నల్లదే చాలంటారు. ఇక ఆ సరుకు ఎక్కడికి వస్తుంది? పురుగుమందుల్లో మనం చూడలేదా? ఎండోసల్ఫాన్ ఎన్నో దేశాలు వద్దన్నాక కూడా మన చేలల్లో కొట్టాం. 2011లో సుప్రీంకోర్టు ఆపమంటే గానీ ఆగలేదు. పక్కవాడు వద్దన్నది మనకు చౌకగా వస్తే ముందు అనుమానించాలి, సంతోషపడకూడదు. రైతుగా అది మనం నష్టపడి నేర్చుకున్న పాఠం. పళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం?

సరే, తెల్లది అంటే ఏంటి? రెండు రకాలు ఉన్నాయి, రెండింటినీ ఒకటే అనుకోకండి.

ఒకటి కాంపోజిట్. జిగురు లాంటి పదార్థంలో మెత్తటి గాజుపొడి కలిపింది. పొరలు పొరలుగా పెట్టి, ఒక్కో పొర మీద నీలం లైటు కొన్ని సెకన్లు పెడితే గట్టిపడుతుంది. కొన్నిచోట్ల దీన్నే "లేజర్ ఫిల్లింగ్" అని చెప్పి ఎక్కువ తీసుకుంటారు. అది లేజరు కాదు, మామూలు నీలం లైటు. దవడ పన్నుకు గట్టిగా ఉండేది తెల్లవాటిలో ఇదే.

రెండోది గ్లాస్ అయనోమర్, జీఐసీ అంటారు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో కనిపెట్టారు. పొడి, ద్రవం కలిపి పెడితే కొన్ని నిమిషాల్లో దానంతట అదే గట్టిపడుతుంది. పన్నుకు తనే అంటుకుంటుంది. లోపల్నుంచి కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతూ చుట్టూ పన్నును కాస్తుంది. పాలపళ్ళకు, చిన్న పుచ్చులకు, చిగురు దగ్గర పుచ్చులకు బాగా పనికొస్తుంది. కాంపోజిట్ కంటే చౌక. కానీ అరుగుతుంది, పెద్ద పుచ్చుకు, బాగా నమిలే చోట అంతగా నిలవదు.

ఫ్లోరైడ్ అనగానే కనిగిరి, నల్గొండ గుర్తొచ్చి ఉలిక్కిపడతారని తెలుసు. అక్కడ మనుషులు పుట్టిన దగ్గర్నుంచీ రోజూ తాగే నీళ్ళలో మోతాదు మించి ఉండబట్టి ఎముకలు వంగిపోయాయి. ఇది పంటి దగ్గర ఉండే రవ్వంత. యూరియా చేనుకు మంచిదే, బస్తా మొత్తం ఒక మొక్క మొదట్లో పోస్తే మాడిపోద్ది. అంతే తేడా.

తెల్లవాటి లోపాలు కూడా చెప్పాలి. కాంపోజిట్ పెట్టేటప్పుడు పన్ను పొడిగా ఉండాలి. తడి గోడకు సున్నం పట్టదు, తడి పన్నుకు ఇదీ పట్టదు. దూది పెట్టి, ఉమ్మి పీల్చే గొట్టం పెట్టి ఓపికగా చెయ్యాలి. గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది, హడావుడిగా చేస్తే అంచున సందు పడి లోపల మళ్ళీ పుచ్చుతుంది. దవడ పళ్ళలో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన పరీక్షల్లో కాంపోజిటే ఎక్కువసార్లు పాడయిందని తేలింది. అందుకే టీ కొట్టు దగ్గర ఆయన "వెండిదే గట్టి" అన్నది పూర్తిగా అబద్ధం కాదు. పెద్దాయన ఎవరికైనా లోతైన పుచ్చు ఉండి, నోట్లో తడి ఆగక, డాక్టరు ఆలోచించి వెండిదే పెడతానంటే నేను అడ్డు చెప్పను. నా అభ్యంతరం ఆలోచించకుండా, అడగకుండా, రేటు చూసి పిల్లోడికి పెట్టించటం మీద.

ఇప్పుడు రేటు. మన బావ మిగుల్చుకున్నది 500 రూపాయలు. నాకూ తెలుసు 500 విలువ. కూలీకి వెళ్ళే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. కానీ నిజాయితీగా చెప్పండి, షాపువాడు "అన్నా, ఇది కొత్త మందు" అంటే లేబులు కూడా చదవకుండా 900 పెట్టి సీసా కొన్నవాళ్ళం కాదా మనం? చేలో పురుగుకు పెట్టిన చెయ్యి మనవడి పంటి పుచ్చు దగ్గర ముడుచుకుంటుందా?

అసలు ఖర్చు ఎక్కడ పెరుగుతుందో తెలుసా? ఆలస్యం దగ్గర. మన పద్ధతి చూడండి. పన్ను జివ్వుమంటే లవంగం. సలిపితే లవంగ నూనె. ఇంకా సలిపితే పుగాకు ముక్క. రాత్రి నిద్ర పట్టకపోతే మెడికల్ షాపు మాత్ర. మొహం వాచాక డాక్టరు. అప్పటికి సిమెంటు కాలం దాటిపోయి రూట్ కెనాల్, క్యాపు, వేలల్లో బిల్లు. "అంత ఎక్కడ తెస్తాం, పీకెయ్యండి" అంటాం. మా ఇంటావిడకు అట్లాగే నాలుగు దవడ పళ్ళు పీకించా. ఒక్కోటి 200కు అయిపోయిందని అప్పుడు సంబరపడ్డా. ఇవాళ ఆమె యాభై రెండేళ్ళకే అన్నం పిసికి మింగుతుంది. వేరుశనగ ఉండ చేసి అందరికీ పెడుతుంది, తను తినదు. ఆ 200 ఎంత ఖరీదో నాకు ఇప్పుడు తెలుస్తుంది.

పిల్లల విషయంలో ఇంకో పొరపాటు చేస్తున్నాం. "పాలపళ్ళే కదా, ఊడిపోతాయి" అని వదిలేస్తాం. ఆరేళ్ళకు పాలపళ్ళ వెనకాల ఒక్కో వైపు ఒక్కో పెద్ద దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు, అందుకే వచ్చినట్టు కూడా మనకు తెలియదు. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. ముందుగా పుచ్చేదీ ఎక్కువగా అదే. మన బావ మనవడికి పుచ్చింది అదే. ఈరోజే మీ పిల్లల్ని వెలుతురులో నోరు తెరవమని చూడండి. నల్ల చుక్క కనపడితే చిన్నగా ఉండగానే తీసుకెళ్ళండి. చిన్న పుచ్చుకు తెల్లది చౌకగా పడుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు అడగండి. సిగ్గుపడకండి, డబ్బు మీది, పన్ను మీది.

1. డాక్టరుగారూ, మీరు పెట్టేది ఏ రకం? అమాల్గమా, కాంపోజిటా, జీఐసీనా?
2. ఈ పన్నుకు అదే ఎందుకు?
3. మా పిల్లకు 15 ఏళ్ళు నిండలేదు, లేదా మా అమ్మాయి గర్భిణి. పాదరసం లేనిది పెడతారా?
4. నా నోట్లో పాతది తీయాలంటున్నారు, అది పగిలిందా, కింద పుచ్చిందా? ఏదీ కాకపోతే ఎందుకు తీయాలి?

మంచి డాక్టరు వీటికి సంతోషంగా జవాబు చెప్తారు. విసుక్కుంటే ఇంకోచోటికి వెళ్ళండి. విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ప్రైవేటు దంత కళాశాలల ఆసుపత్రుల్లో కూడా బయటి కంటే తక్కువకు చేస్తారు. ఒక రోజు పని పోతుంది, నిజమే. పన్ను పోయేకంటే మేలు.

చివరిగా ప్రభుత్వం సంగతి. పాదరసం వద్దని ప్రపంచం ముందు సంతకం పెట్టింది మన దేశమే. మరి ఆ మాట మన మండలంలో అమలు కావాలంటే చౌకైన తెల్లది మనకు అందుబాటులో ఉండాలి కదా? లేకపోతే ఆ సంతకం ఉన్నోడికే పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ జీఐసీని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దీంతో డ్రిల్లు లేకుండా, కరెంటు లేకుండా, చేతి పనిముట్లతో పుచ్చు గీకి నింపే పద్ధతి ఒకటి ఉంది. 1980లలో ఆఫ్రికాలో టాంజానియా పల్లెల్లో మొదలుపెట్టారు. కరెంటు లేని ఆఫ్రికా పల్లెలో చేసింది మన స్కూల్లో బెంచీ మీద చెయ్యలేరా? బళ్ళో పళ్ళ క్యాంపు పెడితే ఊరికే చూసి టూత్‌పేస్టు ఇచ్చి పంపకుండా, పుచ్చిన పన్నుకు జీఐసీ పెట్టి పంపమని అడుగుదాం. సోమవారం బాపట్ల కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. భూమి తగాదాకీ పాసు పుస్తకానికీ వెళ్ళే మనం పిల్లల పళ్ళ కోసం ఒక్క అర్జీ ఇవ్వలేమా? రాయటానికి నేను కూర్చుంటా. సంతకాలకు మీరు రండి.

మన ఊళ్ళో 1918లోనే సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టారు మన పెద్దలు. చదివి తెలుసుకోవటం, తెలుసుకుని అడగటం మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఎక్కడో వదిలేశాం, మళ్ళీ పట్టుకోవాలి.

మన బావ ఈ పోస్టు చదువుతాడని తెలుసు. బావా, కోపం తెచ్చుకోకు. పిల్లోడికి పెట్టిన సిమెంటు బాగుంటే దాన్ని కదపొద్దు, కంగారు పడొద్దు, అలాగే ఉండనియ్యి. కానీ రెండో వైపు దవడ పన్ను కూడా నల్లబడుతుందని నువ్వే అన్నావు. దానికి మాత్రం తెల్లది పెట్టించు. ఈ వారం నాకు చీరాలలో పని ఉంది. పిల్లోణ్ణి తీసుకుని రా, కలిసి వెళ్దాం. ఆ తేడా 500 నేను పెట్టుకుంటా. వేరుశనగ అమ్మాక ఇద్దువుగానిలే.